పాత బీడు పొయ్యిని మళ్లీ వెలిగించుకోవడం ఎలా

కాజీపేట, హన్మకొండ వైపు పాత బంగళాలు కూల్చేటప్పుడు వంటగదిలోంచి అప్పుడప్పుడు ఒక నల్లటి ఇనుప పెట్టె బయటపడుతుంది. అది బీడుతో, అంటే పోత ఇనుముతో చేసిన పాత వంట పొయ్యి. ముందు రెండు మూడు తలుపులు, పైన గుండ్రటి మూతలు, వెనక పొగగొట్టం మూతి. కూలీలు మొదట దాన్ని పాత తిజోరీ అనుకుంటారు. తెరిస్తే బూడిద, ఎలుకల గూడు. సాయంత్రానికల్లా పాత ఇనుప సామాను కొనేవాళ్లు వచ్చి, సమ్మెటతో నాలుగు దెబ్బలేసి, ముక్కల్ని తూకమేసుకుని పోతారు.

నా పొయ్యి ఆ సమ్మెట పడకముందే దొరికింది. ముందు తలుపు మీద కంపెనీ పేరు అరిగిపోయి '8' అంకె ఒక్కటే మిగిలింది. ఇలాంటి పొయ్యిలకు స్కాట్లాండ్‌లో ఫాల్కిర్క్ చుట్టుపక్కల ఫౌండ్రీలు (ఇనుము పోతపోసే కార్ఖానాలు) పేరుపడ్డవి, అక్కడి కారన్ కంపెనీ 1759లోనే మొదలైంది. నాది అక్కడిదో కాదో ఆ ఎనిమిది ఒక్కటే చెప్పలేదు. దాన్ని వెలిగించడానికి నాకు రెండు ఎండాకాలాలు పట్టింది. అందులో ఒక ఎండాకాలం పూర్తిగా నా తొందర వల్ల పోయింది. మీకు ఒక్కటే సరిపోవాలని ఇది రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ పొయ్యి ఇనుప పెట్టెలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఇది పొగ నడిచే దారి. మంట గూడులో పుట్టిన వేడి పొగ ఓవెన్ నెత్తి మీదుగా వెళ్లి, పక్కనుంచి కిందికి దిగి, అడుగున తిరిగి, వెనకనుంచి గొట్టంలోకి ఎక్కుతుంది. అలా చుట్టూ తిరగబట్టే ఓవెన్ అన్ని వైపులా కాలుతుంది. డంపర్ అనే చిన్న రేకు తలుపు తీస్తే పొగ ఈ తిరుగుడు లేకుండా నేరుగా గొట్టంలోకి పోతుంది. వెలిగించేటప్పుడు అది తీసి ఉండాలి, గొట్టం వేడెక్కాక మూయాలి. ఈ దారిలో ఎక్కడ సందు ఉన్నా చల్లగాలి లోపలికి దూరుతుంది, ఓవెన్ కాలదు, పొగ వంటింట్లోకి తిరగబడుతుంది. చాలామంది మొదటి రోజే వైరు బ్రష్షు పట్టుకుని పైపైన మెరిపించడం మొదలుపెడతారు. మెరుపు ఆఖరి పని. ముందు దారి సంగతి చూడాలి.

కొనే ముందు

చిన్న సుత్తితో ప్రతి పలకనూ మెల్లగా తట్టండి. మంచి పలక గంటలా మోగుతుంది, పగిలింది 'డబ్' మంటుంది. బోల్టులతో బిగించి ఉన్నప్పుడు ఈ శబ్దం సరిగ్గా తెలియదు కాబట్టి అనుమానం ఉన్న చోట కిరోసిన్ పూసి, ఐదు నిమిషాలాగి పొడిగా తుడిచి, మీద సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద తడి గీత పడుతుంది. వెంట్రుకంత పగులైనా దొరికిపోతుంది.

లోపల మంట గూడు గోడ, ఇనుప జాలి, తలుపుల కీళ్లు చూడండి. జాలి కాలిపోయి వంగితే బెంగ వద్దు, అది ఎప్పటికైనా మార్చాల్సిందే. పక్క పలకలో పెద్ద ముక్క లేకపోతే మాత్రం బేరం ఆపేయడమే మంచిది. ఎంత చవకైనా సరే.

వెనకవైపు నీళ్ల ట్యాంకు ఉందేమో కూడా చూడండి. పైన మూత తీసి నీళ్లు పోసే తొట్టి అయితే ఫర్వాలేదు. మంట గూడుకు ఆనుకుని, పైపులు బిగించే మూసిన బాయిలర్ అయితే దాని జోలికి పోవద్దు. పైపులు మూసుకుపోయిన పాత బాయిలర్ కింద మంట పెడితే ఆవిరి పోయే దారి లేక బాంబులా పేలుతుంది. దాన్ని ఊడదీసి, ఆ ఖాళీలో ఫైర్ బ్రిక్స్, అంటే మంటకు తట్టుకునే ఇటుకలు, పేర్చుకోండి.

విప్పడం

ఈ పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. కారణం తర్వాత చెబుతాను.

విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. విప్పిన ప్రతి ముక్కకూ వైరుతో రేకు బిళ్ల కట్టి నంబరు వేయండి. 'ఇది ఎక్కడిదో గుర్తుంటుందిలే' అనుకున్న ముక్కే చివర్లో చేతిలో మిగులుతుంది. మొత్తం పొయ్యి రెండు మూడు క్వింటాళ్లు ఉండవచ్చు కాబట్టి మూతలు, తలుపులు, జాలి తీసేశాకే జరపండి. తలుపు పట్టుకుని ఎత్తితే కీలు విరుగుతుంది.

తలుపుల అంచుల్లో, పలకల సందుల్లో తెల్లటి దారంలాంటిది కుక్కి ఉంటే దాన్ని ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన రాతినార) అనే అనుకోండి. పొడిగా గోకవద్దు. సబ్బునీళ్లు చల్లి బాగా తడిపి, పి100 ఫిల్టరున్న మాస్కు పెట్టుకుని (దీనికి ఎన్95 చాలదు), ముక్కలు ముక్కలుగా కాకుండా పొడుగ్గా లాగి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టండి. పిల్లల్ని ఆ పక్కకు రానివ్వొద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి రంగు వేసి ఉంటే దాన్నీ పొడిగా రుద్దకండి.

ఇక బోల్టులు. ఇక్కడే నా మొదటి ఎండాకాలం పోయింది. వందేళ్ల తుప్పు పట్టిన నట్టు తిరగలేదు. స్పానరుకు పైపు తొడిగి లాగాను, అప్పటికీ కదలలేదు. సుత్తితో ఒక్కటి వేశాను. నట్టు అలాగే ఉంది, దాన్ని పట్టుకున్న బీడు చెవి మాత్రం విరిగి కాళ్ల దగ్గర పడింది. మా వీధి లేత్ మిస్త్రి ఆ ముక్కను చేతిలో తిప్పి చూసి, "బోల్టు పది రూపాయలది సారూ, చెవి యాడ దొరుకుతది?" అన్నాడు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. నట్టు చుట్టూ తుప్పును వైరు బ్రష్షుతో తీసి, డీజిల్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపి మూడు రోజులు ఉదయం సాయంత్రం పోస్తాను. నాలుగో రోజు స్పానరు పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పుతాను. తుప్పు పట్టు అలా విడుతుంది. అప్పటికీ రాకపోతే డీజిల్ తడి పూర్తిగా తుడిచేసి, ఆరనిచ్చి, గ్యాసు మంటతో నట్టును ఒక్కదాన్నే కాలుస్తాను. దానికీ లొంగకపోతే గ్రైండరుతో నట్టును కోసేస్తాను. ఎప్పుడూ బోల్టు పోవాలి, బీడు మిగలాలి.

కొత్త బోల్టుల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. పాత ఇంగ్లిషు పొయ్యిల్లో మర విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతది. 3/8 అంగుళం బోల్టుకు అంగుళానికి 16 చుట్లు. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం10 (పది మిల్లీమీటర్ల బోల్టు) చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ కొంచెం లావు, మర వేరు. బలవంతంగా ఎక్కిస్తే లోపలి మర కోసుకుపోతుంది. పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్లి, దాన్ని పోల్చి కొనండి. 'బీఎస్‌డబ్ల్యూ' (బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్) అని అడిగితే పాత షాపుల వాళ్లకు తెలుస్తుంది.

తుప్పు వదిలించడం

జిడ్డు, మసి ముందు పోవాలి. వేడినీళ్లు, చాకలి సోడా, ఇనుప పీచు చాలు. నికెల్ పూత వేసిన పిడులు, కమ్మీలు ఉంటే వాటిని ఈ పనులన్నింటికీ దూరంగా ఉంచండి. వాటికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ మాత్రమే. పూత లేచిపోయి ఉంటే ప్లేటింగ్ షాపుకు ఇవ్వాలి.

చిన్న ముక్కలకు తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి నానబెట్టొచ్చు. గంటకోసారి తీసి రుద్ది చూడండి. రాత్రంతా వదిలేస్తే తుప్పు అయిపోయాక వెనిగర్ ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. ఇత్తడి బిందెలకు చింతపండు వాడినట్టు దీనికీ వాడొచ్చు, కాకపోతే అంత చింతపండు పోసేకంటే పులుసు పెట్టుకోవడం మేలు.

పెద్ద పలకలకు కరెంటు పద్ధతి బాగుంటుంది, పలకకు ఏమాత్రం దెబ్బ తగలదు. నూరు లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో పాతిక పెద్ద చెంచాల చాకలి సోడా కలపండి. పాత బ్యాటరీ చార్జరు, 12 వోల్టులది తీసుకోండి. నల్ల వైరు, అంటే నెగెటివ్, పొయ్యి ముక్కకు. ఎర్ర వైరు మామూలు ఇనుప రేకుకు. రెండూ నీళ్లలో తగలకుండా వేలాడాలి. వైర్లు తారుమారైతే రేకు బదులు మీ పొయ్యే కరిగిపోతుంది, రెండుసార్లు చూసుకోండి. ఎర్ర వైపు స్టీలు గ్లాసులు, స్టీలు గరిటెలు వేలాడదీయొద్దు, స్టెయిన్‌లెస్‌లోని క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. సోడాకు బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. సోడాతో కూడా బుడగలుగా హైడ్రోజన్ వస్తుంది కనుక ఆరుబయట పెట్టండి, దగ్గర్లో ఎవరూ బీడీ వెలిగించకూడదు. చేయి పెట్టే ముందు స్విచ్ ఆపండి. ఒక రోజుకు తుప్పు నల్లటి బురదలా మారి, బ్రష్షుతో తుడిస్తే వచ్చేస్తుంది.

ఎండాకాలం ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. కడిగిన బీడు తడిగా ఉంటే మీ కళ్ల ముందే నారింజరంగుకు తిరుగుతుంది. మా దగ్గర మే నెల మధ్యాహ్నం డాబా మీద పెడితే పది నిమిషాల్లో పొడారి, ముట్టుకుంటే కాలుతుంది. ఆ వేడి మీదే అవిసె నూనె గుడ్డతో పల్చగా తుడవండి. ఒకటే జాగ్రత్త. పలకలు ఒకదానికొకటి ఆనే అంచులకు నూనె తగలనివ్వకండి, తర్వాత అక్కడ సిమెంటు పట్టదు. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డ దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

పగుళ్లు, పోయిన ముక్కలు

మన వైపు ఇనుము పని కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. ఆ ధైర్యంతో వంగిన పలకను కమ్మరి కొలిమికి తీసుకెళ్లకండి. కమ్మరి సాగగొట్టే ఇనుము వేరు. బీడులో కార్బన్ రెండు శాతం పైనే ఉంటుంది. పోతకు బాగా పారుతుంది గానీ కొడితే సాగదు, పగులుతుంది. వంగినదాన్ని వంగినట్టే వాడుకోండి, లేదా కొత్తది పోయించండి.

వెల్డింగు కూడా అంతే. విరిగిన నా చెవిని ఒక షాపులో మామూలు రాడ్డుతో అతికించారు. అతుకు గట్టిగానే నిలిచింది, చల్లారాక దాని పక్కనే టక్కుమని కొత్త పగులు వచ్చింది. బీడుకు నికెల్ రాడ్డు కావాలి. ఖరీదెక్కువే. పగులు రెండు చివర్లా 3 మిల్లీమీటర్ల చిల్లు పెడితే అది ఇంకా పాకదు. ముక్క మొత్తాన్ని సమంగా 250-300 డిగ్రీల దాకా వేడిచేసి, అంగుళం అంగుళం చొప్పున అతికిస్తూ, ప్రతి అతుకునూ వేడి మీదే చిన్న సుత్తితో తట్టాలి. ఆ తర్వాత మెల్లగా చల్లారాలి. దానికి రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిదను మించింది లేదు. ఒక గోనెసంచి తెచ్చుకుని, వేడి ముక్కను అందులో పూడ్చి, తెల్లారేదాకా ముట్టుకోకండి. రెండో ఎండాకాలం నా చెవి అలాగే నిలిచింది. గ్యాసుతో ఇత్తడి అతుకు ఇంకా సులువు గానీ మంట గూడు లోపల వేయించకండి, అక్కడి వేడికి నిలవకపోవచ్చు. బరువు పడని చోట వెంట్రుక పగులుకు వెల్డింగే అక్కర్లేదు, ఫైర్ సిమెంటు, అంటే మంటకు తట్టుకునే సిమెంటు, కుక్కితే చాలు.

పోయిన ముక్కను ఫౌండ్రీలో పోయించేటప్పుడు ఒక లెక్క ఉంది. బీడు చల్లారేటప్పుడు అడుగుకు సుమారు ఒక సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కుంచించుకుంటుంది. పాత ముక్కనే అచ్చుగా ఇస్తే కొత్తది ఆ మేరకు చిన్నదవుతుంది. ఇనుప జాలికి ఇది వరమే, ఎందుకంటే కాలినప్పుడు సాగడానికి దానికి ఎలాగూ కాస్త ఖాళీ కావాలి. బిర్రుగా ఉన్న జాలి మంటకు సాగి పక్క గోడనే పగలగొడుతుంది. తలుపుకూ, పై మూతలకూ మాత్రం ఆ సూత్ చాలా పెద్ద తేడా. వాటికి వడ్రంగితో ఆ లెక్క కలిపి కొయ్య అచ్చు చేయించుకోవాలి.

తిరిగి బిగించడం

ముందు సిమెంటు లేకుండా మొత్తం ఒకసారి పేర్చి చూడండి. ఎక్కడ ఏ ముక్క మొరాయిస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఈ ట్రయల్‌లో సందులకు నేను పుట్టమన్ను మెత్తగా కలిపి పెట్టాను, తడిపితే ఊడి వస్తుంది. అసలు బిగింపుకు ఫైర్ సిమెంటే వాడాలి. ఇంటి సిమెంటు వేడికి రాలిపోతుంది, ఎంసీల్ కాలిపోతుంది.

పాత సిమెంటు పూర్తిగా గోకి, అంచును తడిగుడ్డతో తుడిచి, కొత్తది చిటికెనవేలి మందాన పెట్టి, పలకను ఆనించి, బోల్టును చేతి బిగువుకు పైన సగం చుట్టు తిప్పి ఆపండి. ఇనుము వేడికి కదలాలి, మరీ బిగిస్తే పగులుతుంది. బోల్టు మరకు గ్రాఫైట్ పొడి కలిపిన గ్రీజు పూస్తే మళ్లీ విప్పేవాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు. తలుపుల గాడిలో ఆస్‌బెస్టాస్ ఉన్న చోట సిరామిక్ తాడు, లేదా గ్లాస్ ఫైబర్ తాడు పెట్టండి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ తాడు చాలలేదు.

సిమెంటు ఒకరోజు ఆరాక, రాత్రి కరెంటు దీపాలన్నీ ఆర్పి, ఫోను టార్చి వెలిగించి మంట గూడులో పెట్టి తలుపు మూయండి. చుట్టూ తిరిగి చూడండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ గాలి దూరుతుంది. నాకు మొదటిసారి ఓవెన్ పక్క పలక పొడుగునా సన్నటి వెలుగు గీత కనిపించింది. పగలు ఎన్నిసార్లు చూసినా తెలియనిది. మళ్లీ విప్పాను.

పొగగొట్టం ఆరు అంగుళాలది, మొత్తం పదిహేను అడుగులకు తగ్గకుండా, వంపులు వీలైనంత తక్కువగా, కొస డాబా పిట్టగోడ కంటే కనీసం మూడడుగులు పైకి ఉండాలి. మీద వాన పడకుండా టోపీ. కొయ్య తలుపులు, కర్టెన్లు, గ్యాసు సిలిండరు దగ్గర్లో ఉండకూడదు, గొట్టానికీ కొయ్యకూ మధ్య కనీసం అడుగున్నర ఖాళీ ఉండాలి. వంటింటి కిటికీ తెరిచి ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అందుకే దాన్ని పసిగట్టే అలారం ఒకటి కొని గోడకు పెట్టుకోండి.

మొదటి మంటలు

మొదటి రోజు కాగితాలు, పిడికెడు పుల్లలు, అంతే. చేయి పెడితే వెచ్చగా తగలగానే ఆపేయండి. మర్నాడు కొంచెం ఎక్కువ. ఇలా మూడు నాలుగు రోజులు. సిమెంటులో మిగిలిన తడి మెల్లగా పోవాలి, ఒక్కసారి పెద్ద మంట పెడితే ఆవిరై సిమెంటును చీల్చుకుని బయటికొస్తుంది. మంట ఉండగా తలుపుల దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగితే మంచిది, మీ వైపు వస్తే గొట్టమో డంపరో చూసుకోవాలి.

ఎండిన తుమ్మ, మామిడి కట్టెలు బాగుంటాయి. 'భూపాలపల్లి పక్కనే కదా, సింగరేణి బొగ్గు వేస్తే పోలా' అని నన్ను చాలామంది అడిగారు. బొగ్గు కోసం చేసిన పొయ్యి అయితే అది తట్టుకుంటుంది గానీ, అతుకులున్న పాత బీడుకు ఆ వేడి నేను పెట్టను. కాలుతున్న పై పలక మీద చల్లనీళ్లు మాత్రం ఎప్పుడూ పడనివ్వకండి. ఒక్క చెంబుకే పలక రెండవుతుంది.

మంటలన్నీ సవ్యంగా నడిచాక ఇప్పుడు మెరిపించుకోండి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు గ్రాఫైట్ ఉన్న పొయ్యి పాలిష్‌ను పల్చగా పూసి, ఆరాక బూట్ల బ్రష్షుతో రుద్దితే ముదురు వెండి నలుపు వస్తుంది. వంట చేసే పై పలకకు పాలిష్ వద్దు, రంగూ వద్దు. జొన్నరొట్టె పెనానికి చేసినట్టే నూనె పల్చగా తుడిచి కాల్చడం, మళ్లీ తుడిచి కాల్చడం. మూడోసారికి నలుపు పట్టింది. ఆ రోజు మా ఇంట్లో దాని మీద గిన్నప్ప పెట్టారు, మీ వైపు సర్వపిండి అంటారేమో. సన్న సెగ మీద అరగంట. అడుగు మాడలేదు, అంచు కరకరలాడింది.

వానాకాలం వాడకపోతే బూడిద మొత్తం తీసేయండి. బూడిద తేమ పీల్చి అడుగు పలకను తినేస్తుంది. బూడిద అరలో ఒక మూకుడులో నీళ్లు తగలని సున్నపు గడ్డలు పెట్టండి. గొట్టం మూతిలో పాతబట్ట కుక్కితే తడిగాలి దిగదు. ఆ బట్ట కొస ఎర్రగుడ్డ ఒకటి బయటికి వేలాడేట్టు కట్టండి. నేను కట్టలేదు. దసరా పొద్దున పొయ్యి వెలిగించాక, ఇల్లంతా పొగ కమ్మి, చుట్టాలందరూ దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తాక గుర్తొచ్చింది.